ఉద్యోగం మానాలా, పుస్తకం వేయాలా: ఒక కవయిత్రి లేఖకు సమాధానం

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఒక సంస్థలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. పదేళ్లకు పైగా కవిత్వం రాస్తున్నాను. ఇరవై దాకా కవితలు పత్రికల్లో అచ్చయ్యాయి, మొత్తం తొంభై కవితలు ఫైల్లో ఉన్నాయి. నాతోపాటే రాయడం మొదలుపెట్టిన స్నేహితురాలికి ఇప్పటికే మూడు పుస్తకాలు, ఒక పురస్కారం వచ్చాయి. ఈమధ్య ఒక ప్రచురణ సంస్థ నా కవితలను పుస్తకంగా వేస్తామని, ఖర్చు నేను భరించాలని, నెల రోజుల్లో పుస్తకం చేతికిస్తామని చెబుతూ ఒప్పంద పత్రం పంపింది. దాని నకలు, మూడు కవితలు జతచేస్తున్నాను. ఉద్యోగం మానేసి పూర్తిగా రచన మీదే కూర్చోకపోతే ఎప్పటికీ తీరిక వేళల్లో రాసే మనిషిగానే మిగిలిపోతానేమోనని భయంగా ఉంది. ఉద్యోగం మానాలా? ఒప్పందం మీద సంతకం పెట్టాలా? ఇప్పటికే ఆలస్యమైపోయిందా? పత్రికల్లో వచ్చిన కవితలను పుస్తకంలో వేసుకోవచ్చా?

సమాధానం: మీ నాలుగు ప్రశ్నలకూ ముందుగా సూటిగా జవాబు చెబుతాను. ఉద్యోగం మానకండి. ఆ ఒప్పందం ఇప్పుడున్న రూపంలో ఉంటే సంతకం పెట్టకండి. ఆలస్యమేమీ కాలేదు. పత్రికల్లో వచ్చిన కవితలను పుస్తకంలో వేసుకోవచ్చు, కాకపోతే ఒకటి రెండు సంగతులు చూసుకోవాలి. కారణాలు చెప్పకుండా జవాబులు మాత్రమే ఇస్తే మీకు పెద్దగా ఉపయోగపడవు కాబట్టి వివరంగా రాస్తున్నాను. అందులోనూ ఉద్యోగం సంగతికి ఎక్కువ చోటిస్తాను. పుస్తకం విషయంలో పొరపాటు జరిగితే ఎలాగోలా సరిదిద్దుకోవచ్చు గానీ, జీవనాధారం చేజారితే మళ్లీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది.

కవిత్వ పుస్తకాల అమ్మకాలతో ఇల్లు గడుపుకునే కవులు ఏ భాషలోనైనా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉంటారు. మంచి పేరున్న కవి సంపుటి కూడా తొలి ముద్రణలో సాధారణంగా కొన్ని వందల ప్రతులు, మహా అయితే వేయి రెండు వేల ప్రతులు అచ్చవుతుంది. అందులో కవికి దక్కే రాయల్టీ ప్రతి ధరలో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. లెక్కలే మీ వృత్తి కాబట్టి మిగతాది మీరే కట్టుకోగలరు. పూర్తికాలం కవులని మనం అనుకునేవారిలో చాలామంది నిజానికి పాఠాలు చెప్పో, పత్రికల్లో పనిచేసో, అనువాదాలు చేసో, ప్రసంగాలకు వెళ్లో, లేదా ఇంట్లో మరొకరి జీతం మీద ఆధారపడో బతుకుతున్నారు. ఈ చివరి సంగతి పుస్తకం వెనక అట్ట మీది పరిచయంలో ఎవరూ రాయరు. అందువల్ల కొత్తగా రాస్తున్నవారికి కవుల జీవితాల గురించి తప్పుడు అంచనా ఏర్పడుతుంది, ఆ అంచనాతో తమను తాము కొలుచుకుని కుంగిపోతారు. మీ లేఖలో ఆ కుంగుబాటు నాకు కనిపించింది.

స్వీడన్ కవి తోమస్ ట్రాన్స్‌ట్రోమర్ 1954లో, 23 ఏళ్ల వయసులో, పదిహేడు కవితలతో తొలి పుస్తకం తెచ్చారు. ఆ చిన్న పుస్తకంతోనే ఆయనకు పేరొచ్చింది. అయినా ఆయన మనస్తత్వ నిపుణుడిగానే ఉద్యోగం చేశారు. 1960ల్లో, నేరాలు చేసిన యువకులను ఉంచే ఒక సంస్థలో వారికి సలహాదారుగా పనిచేశారు. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య సంవత్సరాలు గడిచేవి, ఆ పుస్తకాలు కూడా పలుచగానే ఉండేవి. 1990లో పక్షవాతం వచ్చి మాట దాదాపుగా పోయింది. ఆ తరవాత కూడా 1996లో ఒకటి, 2004లో ఒకటి పుస్తకాలు వెలువడ్డాయి. 2011లో నోబెల్ పురస్కారం వచ్చే నాటికి ఆయన జీవితకాలపు కవిత్వమంతా ఒక్క సంపుటిలో ఇమిడిపోయేంతే ఉంది. ఇంత తక్కువ రాసి నిశ్చింతగా ఉండగలగడానికి ఆయన స్వభావం ఎంత కారణమో, నెలనెలా వచ్చిన జీతం కూడా అంత కారణమని నా నమ్మకం. ఇంటి అద్దె కట్టే భారం ఆయన కవితల మీద పడలేదు, అందుకే అవి పండేదాకా ఆగగలిగాయి.

మన దేశంలోనూ ఇలాంటి జీవితాలు ఉన్నాయి. జయంత మహాపాత్ర ఒడిశాలోని కళాశాలల్లో భౌతికశాస్త్రం బోధించారు, నలభై ఏళ్లకు దగ్గరపడ్డాక కవిత్వం మొదలుపెట్టారు. 1971లో తొలి పుస్తకం వస్తే, 1981లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇంగ్లీషులో రాసే భారతీయ కవికి ఆ పురస్కారం దక్కడం అదే మొదటిసారి. మరాఠీలోనూ ఇంగ్లీషులోనూ రాసిన అరుణ్ కొలట్కర్ ప్రకటనల రంగంలో చిత్రకారుడు. ఆయన ఇంగ్లీషు కవితల సంపుటి 'జెజూరి' 1976లో వచ్చి, మరుసటి ఏడాది కామన్‌వెల్త్ కవిత్వ పురస్కారం తెచ్చిపెట్టింది. 1977లో ఒక మరాఠీ సంపుటి కూడా వచ్చింది. ఆ ఊపులో ఏడాదికొక పుస్తకం వేసుకోగలిగిన మనిషి, రెండు దశాబ్దాలకు పైగా కొత్త పుస్తకం తేలేదు. ఆ వ్యవధిలో రాసినవాటిలో చాలా భాగం ఆయన చనిపోవడానికి ముందు, 2003, 2004 సంవత్సరాల్లో వరుసగా వెలువడింది. ఆ ఇరవై ఏళ్లూ ఆయన రాయడం మానలేదని ఆ పుస్తకాలే సాక్ష్యం. పుస్తకం మీద ఆధారపడి బతికేవారికి ఈ నిదానం సాధ్యమయ్యేది కాదు.

అలాగని ఏ ఉద్యోగమైనా కవిత్వానికి మంచిదేనని నేను అనను. ఒక్కో ఉద్యోగం మనిషి దగ్గర ఒక్కోటి తీసుకుంటుంది. కొన్ని సమయాన్ని తీసుకుంటాయి, కొన్ని ఒంట్లోని ఓపికను, కొన్ని ఏకంగా భాషనే తీసుకుంటాయి. రోజంతా ఇతరుల కోసం వాక్యాలు రాసి ఇంటికి వచ్చినవారికి సొంత వాక్యం రాయాలంటే మనసొప్పని రాత్రులు ఉంటాయి. పత్రికా రచనలోనూ ప్రకటనల్లోనూ ఉన్న కవులు ఈ మాట తరచుగా చెబుతారు. మీ పని అంకెలతో. సాయంత్రానికి కళ్లు అలసిపోతాయేమో గానీ మాటలు మిగిలే ఉంటాయి. అమెరికా కవయిత్రి కే రయాన్ ముప్పై ఏళ్లకు పైగా ఒక కమ్యూనిటీ కళాశాలలో, ప్రాథమికమైన ఇంగ్లీషు కూడా సరిగా రాని విద్యార్థులకు తక్కువ గంటలు పాఠాలు చెప్పారు. కవిత్వం రాయడం నేర్పే కొలువుల జోలికి వెళ్లలేదు. మరోవైపు, అమెరికాకే చెందిన కవయిత్రి లూయీజ్ గ్లిక్ జీవితం వేరే విధంగా నడిచింది. కవులు బోధన వృత్తిలోకి వెళ్లకూడదని ఆమె మొదట్లో గట్టిగా నమ్మేవారు. 1968లో తొలి పుస్తకం వచ్చాక రాత ఆగిపోయింది. చివరికి ఒక చిన్న కళాశాలలో బోధించడానికి ఒప్పుకున్నాకే ఆమె మళ్లీ రాయగలిగారు. రెండో పుస్తకం 1975లో వచ్చింది. 2020లో నోబెల్ పురస్కారం అందుకునే దాకా, ఆ తరవాత కూడా, ఆమె బోధిస్తూనే ఉన్నారు. కాబట్టి మీరు వేసుకోవలసిన ప్రశ్న ఉద్యోగం ఉండాలా వద్దా అన్నది కాదు. మీ ఉద్యోగం మీ దగ్గర ఏం తీసుకుంటోంది, బదులుగా ఏమిస్తోంది అని అడిగి చూడండి.

ఏమిస్తోందో మీరు పంపిన కవితల్లోనే ఉంది. సంవత్సరాంతపు లెక్కలు తేలక, అందరూ వెళ్లిపోయిన కార్యాలయంలో ఒక స్త్రీ ఒంటరిగా కూర్చుని, కూడికలో తేడా వచ్చిన చిన్న మొత్తం కోసం పాత రసీదులన్నీ తిరగేసే కవిత ఈ మూడింటిలోనూ ఉత్తమమైనది. రసీదు మీద వెలిసిపోయిన సంతకాన్ని ఆమె దీపం వెలుగులోకి వంచి చూసే చోట నేను కాసేపు ఆగిపోయాను. ఆ చూపు లెక్కల విభాగంలో పనిచేసిన మనిషికి తప్ప రాదు. అయితే ఆ కవిత చివరి నాలుగు పంక్తులు, అప్పటికే పాఠకుడికి అందిన విషయాన్ని మళ్లీ విప్పి చెబుతున్నాయి. అవి లేకుండా ఒకసారి పైకి చదివి చూడండి. మిగతా రెండు కవితలు వానా వెన్నెలల గురించినవి. వాటిలో తప్పులేమీ లేవు గానీ, అవి మీరే రాయాల్సిన కవితలు కావు, ఇంకెవరైనా రాయగలిగినవి. మీరు వదిలించుకోవాలనుకుంటున్న చోటే మీకు సామగ్రి దొరుకుతోందన్న సంగతి తొందరపడకుండా ఆలోచించండి.

సమయం కావాలన్న మీ కోరిక న్యాయమైనదే, దాన్ని చిన్నచూపు చూడను. దానికి రాజీనామాకంటే చిన్న మార్గాలున్నాయి. జీతం లేకపోయినా నెలో రెండు నెలలో సెలవు దొరుకుతుందేమో అడగండి. ఆ రోజుల్లో రోజంతా రాయగలుగుతున్నారో, ఉదయం రెండు గంటలు రాశాక మిగతా రోజు ఏం చేయాలో తోచడం లేదో మీకే తెలుస్తుంది. చాలామందికి రెండోదే జరుగుతుంది, అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. కవిత్వం గంటలకొద్దీ కూర్చుని చేసే పని కాదు, నవలకు కావలసిన తీరిక వేరు. రచయితలకు కొన్ని వారాలపాటు బస, భోజనం, ఏకాంతం కల్పించే నివాస కేంద్రాలు కూడా పలు దేశాల్లో ఉన్నాయి. అమెరికాలోని మెక్‌డవెల్ 1907 నుంచి ఈ పని చేస్తోంది. ఇలాంటి చోట్లకు దరఖాస్తు చేయడానికి పుస్తకం ఉండి తీరాలన్న నియమం అన్నిచోట్లా ఉండదు, మంచి కవితలు పది ఉంటే చాలన్న చోట్లూ ఉన్నాయి. మామూలు రోజుల్లో మాత్రం, కొత్త కవిత కోసం ఎదురుచూడకుండా, నిన్నటి చిత్తుప్రతిని ముందు పెట్టుకుని అరగంట కూర్చోవడం అలవాటు చేసుకోండి. దిద్దుకోవడానికి ప్రేరణతో పనిలేదు, దిద్దుతుండగా కొత్త కవిత తలెత్తే అవకాశమే ఎక్కువ.

ఇక ఆలస్యం గురించి. తొలి పుస్తకానికి సరైన వయసంటూ ఏదీ లేదని కవుల జీవితాలు చూస్తే ఇట్టే తెలుస్తుంది. కే రయాన్ తొలి పుస్తకం 1983లో, ఆమెకు 38 ఏళ్లు నిండిన ఏడాది, మిత్రుల ఆర్థిక సాయంతో సొంతంగా వెలువడింది. దాన్ని పట్టించుకున్నవారు దాదాపు లేరు. తరవాతి పదేళ్లు కూడా ఆమెకు అంతంతమాత్రంగానే గడిచాయి. 2008లో అమెరికా ఆస్థాన కవి పదవి, 2011లో పులిట్జర్ బహుమతి వచ్చాయి. మన తెలుగు కవి అజంతా రాసింది తక్కువ, పుస్తకం వేసింది మరీ ఆలస్యంగా. జీవితంలో బాగా పొద్దుపోయాక వచ్చిన ఆ ఒక్క 'స్వప్నలిపి'కే 1997లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన కాలపు యువ కవుల్లో వార్సన్ షైర్‌ను చూడండి. 2011లో ఒక చిన్న పుస్తకం వేశారు. 2016లో ఒక ప్రఖ్యాత గాయని ఆల్బమ్‌లో ఆమె కవితలు వినిపించడంతో ప్రపంచమంతా ఆమె పేరు విన్నది. ఆ గిరాకీ ఉన్నప్పుడే పూర్తి సంపుటి వేసుంటే ప్రతులు వేడివేడిగా అమ్ముడుపోయేవి. ఆమె తొలి పూర్తి సంపుటి 2022లో గానీ రాలేదు.

త్వరపడినవారి సంగతి కూడా చెప్పాలి. పోలండ్ కవయిత్రి విస్లావా షింబోర్స్కా 1940ల చివర సిద్ధం చేసిన తొలి సంపుటి, అప్పటి రాజకీయ వాతావరణంలో అచ్చుకు నోచుకోలేదు. 1952లో వచ్చిన తొలి పుస్తకం ఆనాటి ప్రభుత్వ సిద్ధాంతానికి అనుగుణమైన కవితలతో వెలువడింది. తరవాతి కాలంలో ఆమె ఆ కవితలను తనవిగా చెప్పుకోవడానికి ఇష్టపడలేదు, తన ఎంపిక సంపుటాల నుంచి చాలావరకు పక్కన పెట్టారు. అచ్చయిన పుస్తకాన్ని వెనక్కి తీసుకోలేమన్న బాధ ఎలాంటిదో ఆమెకు తెలుసు. బహుశా అందుకే తరవాత అంత పొదుపుగా ప్రచురించారు. జీవితం మొత్తం మీద అచ్చువేసిన కవితలు నాలుగు వందల లోపే. 1953 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ఒక సాహిత్య వారపత్రికలో పనిచేస్తూ, మీలాగే సలహా అడుగుతూ కవితలు పంపినవారికి పేరు చెప్పకుండా సమాధానాలు రాసేవారు కూడా.

మీ స్నేహితురాలి పురస్కారం గురించి రాసేటప్పుడు మీరు జాగ్రత్తగా మాటలు ఎంచుకున్నారు. అసూయ పడుతున్నానేమోనని మీకే అనుమానంగా ఉన్నట్టుంది. పడినా నేరం కాదు. ఒకే రోజున బయలుదేరినవాళ్లు ఒకరి పుస్తకాలు ఒకరు లెక్కపెట్టుకోవడం సహజం. అయితే పురస్కారం కవిత్వానికి ఏం చేస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. షింబోర్స్కాకు 1996లో నోబెల్ వచ్చింది. అంతకుముందు పుస్తకం 1993లోది, తరవాతి కొత్త పుస్తకం 2002లో వచ్చింది. సభలు, ఉత్తరాలు, విలేకరులు ఆమె ఏకాంతాన్ని ఎంతగా మింగేశాయో ఆమె మిత్రులు చెప్పుకునేవారు. మీ స్నేహితురాలికి ఇప్పుడు మీ అభినందన కంటే, తన కొత్త కవితలను మొహమాటం లేకుండా చదివి లోపాలు చెప్పే మనిషి అవసరం ఎక్కువగా ఉండవచ్చు. ఆమె చేత మీ తొంభై కవితలు చదివించుకోండి, ఆమెవి మీరు చదవండి.

ఇప్పుడు ఒప్పంద పత్రం. దాన్ని శ్రద్ధగా చదివాను. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు, కవిత్వ చరిత్రలో అది గౌరవప్రదమైన మార్గమే. ఇందాక చెప్పిన కొలట్కర్ 'జెజూరి'ని వేసింది పెద్ద ప్రచురణ సంస్థ కాదు. 1976లో ఆయన, ఆదిల్ జస్సావాలా, అరవింద్ కృష్ణ మెహ్రోత్రా, వృత్తిరీత్యా వైద్యుడైన గీవ్ పటేల్, నలుగురు కవులు బొంబాయిలో క్లియరింగ్ హౌస్ అని పేరు పెట్టుకుని ఎవరి పుస్తకాలు వారే తెచ్చుకున్నారు. అట్టలు, పుటల అమరిక కొలట్కర్ స్వయంగా చూసుకున్నారు. కెనడా కవయిత్రి రూపీ కౌర్ 2014లో తన తొలి పుస్తకాన్ని సొంతంగా వేసుకున్నారు. మరుసటి ఏడాది ఒక ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది, ఆ తరవాత అది లక్షల్లో అమ్ముడుపోయింది. వీళ్లందరి విషయంలోనూ ఖర్చు కవిదైనప్పుడు నిర్ణయాలూ హక్కులూ కూడా కవి చేతిలోనే ఉన్నాయి. మీకు వచ్చిన ఒప్పందంలో ఖర్చు మాత్రం మీది, హక్కులు వారివి. నా అభ్యంతరమంతా అక్కడే.

అందులోని మూడో అంశం మళ్లీ చదవండి. అచ్చు, ఈబుక్, ఆడియో, అనువాదం, 'భవిష్యత్తులో రాబోయే ఇతర మాధ్యమాలు' అన్నిటి హక్కులూ కాపీరైట్ అమల్లో ఉన్నంత కాలం సంస్థకే చెందుతాయని అందులో ఉంది. అంటే పదేళ్ల తరవాత మీ కవితల్లోంచి మీరే ఒక ఎంపిక సంపుటి వేయాలనుకున్నా వారి అనుమతి అడగాలి. ఐదో అంశంలో రాయల్టీ నలభై శాతమని చూసి మీరు సంబరపడి ఉండవచ్చు. అది పుస్తకం ధర మీద కాదు, 'నికర రాబడి' మీద. నికర రాబడి అంటే ఏమిటో తరవాతి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది: ముద్రణ ఖర్చు, దుకాణాల కమీషన్, నిల్వ, ప్యాకింగ్, ప్రచారం పోగా మిగిలినది. ముద్రణ ఖర్చు మీరు ముందే కట్టారు, అదే ఖర్చును మీ రాయల్టీ లెక్కలోంచి మళ్లీ మినహాయిస్తున్నారు. కార్యాలయంలో ఇలాంటి పద్దు మీ ముందుకు వస్తే మీరు ఒక్క నిమిషం కూడా ఊరుకోరు. ఏడో అంశం ప్రకారం తొలి వంద ప్రతులు 'రాయితీ ధర'కు మీరే కొనాలి. ఇక పత్రంలో ఎక్కడా లేనివి: ఎన్ని ప్రతులు వేస్తారు, ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే నమూనా పుటలు, ఎవరు చూస్తారు, మీ ఆమోదం లేకుండా ముద్రణకు పంపకూడదన్న మాట, ప్రతులు అయిపోయి మళ్లీ వేయకపోతే హక్కులు మీకు తిరిగి వచ్చే ఏర్పాటు. అంతర్జాతీయ పంపిణీ అని వారు చెబుతున్నది ఆన్‌లైన్ దుకాణాల జాబితాలో పుస్తకం పేరు నమోదు చేయడం. ఎవరైనా కొంటే అప్పుడు ఒక ప్రతి అచ్చువేసి పంపుతారు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, దాన్ని మీరు స్వయంగా కూడా చేసుకోవచ్చు. ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామన్న వాగ్దానానికి కూడా పెద్ద విలువ ఇవ్వకండి. అది పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే 13 అంకెల సంఖ్య, నాణ్యతకు ఎవరూ వేసే ముద్ర కాదు.

వారికి ఒక మర్యాదైన ఉత్తరం రాయండి. మొదటి ముద్రణకు మాత్రమే, మూడేళ్లకో ఐదేళ్లకో, అచ్చు హక్కు ఇస్తానని, అనువాదం, ఆడియో నా దగ్గరే ఉంటాయని, ప్రతుల సంఖ్య, ప్రూఫుల ఆమోదం, ఏడాదికొకసారి లెక్కలు, హక్కులు తిరిగొచ్చే షరతు రాతలో ఉండాలని కోరండి. ఒప్పుకుంటే, ఒక ముద్రణాలయం దగ్గర నేరుగా అచ్చుకు ఎంతవుతుందో కనుక్కుని, వారడిగే మొత్తంతో పోల్చి నిర్ణయించుకోండి. ఒప్పుకోకపోతే పోగొట్టుకున్నదేమీ లేదు. మంచి ప్రచురణకర్త చేసే అసలు పని అచ్చు కాదు. మీ రాతప్రతిని మీకంటే కఠినంగా చదవడం, సమీక్షకులకు పంపడం, దుకాణాల్లో పుస్తకం కనబడేలా చూడటం, ఐదేళ్ల తరవాత ఎవరైనా అడిగితే ప్రతి దొరికేలా ఉంచడం. నెల రోజుల్లో పుస్తకం చేతికిస్తామన్నవారు ఇందులో మొదటి పని చేయరని ఆ గడువే చెబుతోంది.

పుస్తకం వేసేది ఎవరైనా, ముందు తొంభై కవితలు పుస్తకంగా మారాలి. ఒక్కో కవితను ఒక్కో కాగితం మీద, ఒకవైపే, ప్రింటు తీసుకోండి. పత్రికలో అచ్చయినవీ కానివీ కలిపేయండి. పత్రికలో వచ్చిందన్న కారణంతో ఏ కవితకూ చోటు ఖాయం చేయకండి, సంపాదకుడు ఆ వారం పుటలో మిగిలిన జాగాను బట్టి కూడా ఎంచుకుని ఉండవచ్చు. ఇలాంటి ఎంపికలు చాలాకాలం చేసినవాడిగా ఇది చెబుతున్నాను. పదేళ్లలో రాసిన తొంభై కవితల్లో ఒకే కవితను రెండు మూడు సార్లు రాసి ఉంటారు, అందరికీ అంతే. వాటిని పక్కపక్కన పెట్టి ఒక్కటే ఉంచండి. మిగిలినవాటిని చదువుతూ, ఇది నా పేరు లేకుండా ఎక్కడో కనిపిస్తే ఆగి చదువుతానా అని అడుగుతూ వెళితే, నలభై యాభై మిగిలినా మంచి సంపుటికి సరిపోతాయి. పుస్తకం పుటలు సాధారణంగా పదహారు చొప్పున మడతలుగా తయారవుతాయి కాబట్టి 64, 80, 96 పుటలకు సరిపడేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. వరుస కూర్చేటప్పుడు రాసిన తేదీలు చూడకండి. ఒక కవిత చివరి పంక్తి తరవాత పుట తిప్పగానే వచ్చే కవిత మొదటి పంక్తి ఎలా వినిపిస్తుందో చూడండి. మీ సంవత్సరాంతపు లెక్కల కవితలాంటివి ఇంకా నాలుగైదు ఉంటే, పుస్తకం వాటి చుట్టూ అల్లుకుంటుంది. లేకపోతే, అవి రాయడమే మీ తరవాతి ఏడాది పని.

రాతప్రతుల పోటీల గురించి క్లుప్తంగా. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం యువ కవుల తొలి పుస్తకాలను ఎంపిక చేసి వేయడం 1919లో మొదలుపెట్టింది, అప్పటినుంచి ఇలాంటి పోటీలు చాలా పుట్టాయి. ప్రవేశ రుసుం, న్యాయనిర్ణేత పేరు, గతంలో గెలిచినవారి పుస్తకాలు చూసి నచ్చితేనే పంపండి. ఓడిపోతే దాన్ని మీ కవిత్వం మీద తీర్పుగా తీసుకోకండి. 1950ల మధ్యలో ఆ యేల్ పోటీకి న్యాయనిర్ణేతగా ఉన్న ప్రసిద్ధ కవి ఆడెన్, తనదాకా వచ్చిన ప్రతుల్లో ఏదీ నచ్చక, తొలి వడపోతలోనే ఆగిపోయిన యువ కవి జాన్ ఆష్‌బెరీ రాతప్రతిని అడిగి తెప్పించుకున్నారు. అదే గెలిచి 1956లో పుస్తకంగా వచ్చింది. ఆ ఒక్క కబురు పెట్టి ఉండకపోతే ఏమయ్యేదో ఎవరికి తెలుసు. పత్రికలకు పంపే కవితల పద్దు ఒకటి రాసుకోండి: ఏ కవిత, ఏ పత్రికకు, ఏ తేదీన, జవాబు ఏమిటి. మీకు ఇది చెప్పనక్కరలేదు గానీ, కవులు ఈ పద్దు రాయక ఒకే కవితను రెండు పత్రికల్లో అచ్చువేయించుకుని ఇద్దరు సంపాదకులకూ దూరమైన సందర్భాలు చూశాను. సామాజిక మాధ్యమంలో పెట్టిన కవితను చాలా పత్రికలు ప్రచురితమైనదిగానే లెక్కిస్తాయి, కాబట్టి ముందు పత్రికకు పంపి, తరవాత అక్కడ పంచుకోండి.

చివరి ప్రశ్నకు వస్తాను. పత్రికకు కవిత ఇచ్చినప్పుడు సాధారణంగా మొదటిసారి ప్రచురించుకునే హక్కు మాత్రమే ఇచ్చినట్టు, కాపీరైట్ మీదే. మీరు రాతపూర్వకంగా ఇంతకంటే ఎక్కువ ఇచ్చి ఉంటే తప్ప పుస్తకంలో వేసుకోవడానికి అడ్డం లేదు. అయినా ఆ ఇరవై కవితలకు సంబంధించిన ఉత్తరాలు, ఈమెయిళ్లు, పత్రికల నియమాలు ఒకసారి తీసి చూడండి. అంతర్జాల పత్రికలు కొన్ని, ఇన్ని నెలలదాకా మరోచోట వేయకూడదని షరతు పెడతాయి, ఆ గడువు దాటిందో లేదో చూసుకోవాలి. పుస్తకం చివర, ఏ కవిత తొలిసారి ఏ పత్రికలో వచ్చిందో ఒక పుటలో చెప్పి కృతజ్ఞతలు తెలపండి. అచ్చయ్యాక మార్చిన కవితలుంటే ఆ సంగతీ అక్కడే రాయండి. లెక్కల కవిత చివరి నాలుగు పంక్తులు తీసేస్తే ఆ జాబితాలో అది కూడా చేరుతుంది. అనుమతి అవసరమని తేలిన చోట సంపాదకులకు రెండు వాక్యాల ఉత్తరం సరిపోతుంది. పత్రిక మూతపడి చిరునామా దొరకకపోతే, మీరు ప్రయత్నించినట్టు తెలిపే ఉత్తరం నకలును రాతప్రతితోపాటు దాచి ఉంచండి.